అభ్యంతరం రాసేముందు అలుగు దాకా నడవండి

పట్టణ ప్రణాళిక విభాగంలో ముప్పై ఏళ్లు మ్యాపుల మధ్య పనిచేసి రిటైరైన దాన్ని. ఈ శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మాస్టర్ ప్లాన్ల గురించే. వాటిలో అయిదింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. మిగతా ఉత్తరాల్లోని సందేహాలు కూడా చాలావరకు అందులోనే ఉన్నాయి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను రిటైర్డ్ టీచర్ని. మా ఊరిని పక్క మున్సిపాలిటీలో కలిపారు. ఇప్పుడు ముసాయిదా మాస్టర్ ప్లాన్ అంటూ ఆఫీసు గోడకు ఫ్లెక్సీ కట్టారు. కుంట కింద రెండు పంటలు పండే మా పొలాలన్నీ ఊదా రంగులో ఉన్నాయి. అది ఇండస్ట్రియల్ జోన్ అట. కుంట పక్కనుంచే వంద అడుగుల రోడ్డు గీశారు. అభ్యంతరాలకు ఇంకా పద్దెనిమిది రోజులే గడువు. భూములు పోయినట్టేనా? కుర్రాళ్లు ధర్నా చేద్దామంటున్నారు, పెద్దవాళ్లు కాగితం పెడదామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు మీ ఊళ్లో వాళ్లకు ఒక మాట చెప్పండి. రంగు వేసినంత మాత్రాన భూమి పోదు. భూసేకరణకు 2013 నాటి వేరే చట్టం ఉంది. దానికి వేరే నోటీసు, వేరే విచారణ, పరిహారం ఉంటాయి. మాస్టర్ ప్లాన్ చెప్పేది రాబోయే ఇరవై ఏళ్లలో ఏ భూమిని దేనికి వాడొచ్చన్నది మాత్రమే. అలాగని గుండెల మీద చేయి వేసుకుని పడుకునే సంగతీ కాదు. ఊదా రంగు పడిన పొలంలో రేపు మీ అబ్బాయి ఇల్లు కట్టుకుంటానంటే పర్మిషన్ రాదు. రోడ్డు గీత పడిన మేర కొనేవాడు ధర తగ్గిస్తాడు. చుట్టూ షెడ్లు లేస్తే మధ్యలో వరి పండించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

అంచేత గోల చేయవలసిందే. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు చేసిన గోల వల్లే అక్కడి ముసాయిదా వెనక్కి పోయింది. పంట భూములను ఇండస్ట్రియల్ జోన్‌లో పెట్టారని రైతులు రోడ్డెక్కారు. ఆ నెలలోనే మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే జరిగింది. మీ కుర్రాళ్లను ఆపకండి. కానీ టెంటు తీసేశాక ఫైల్లో మిగిలేది కాగితమే. రద్దయిన ప్లాన్ స్థానంలో మరో ఏడాదో రెండేళ్లకో ఇంకో ముసాయిదా వస్తుంది. దాన్ని గీసే మనిషి పాత ఫైలు తెరుస్తాడు. అందులో మీ కుంట ఉండాలి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. తొంభైల్లో నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక చిన్న పట్టణానికి ప్లాన్ తయారుచేశాం. సర్వేకు వెళ్లింది మే నెలలో. ఒకచోట తుమ్మచెట్లు, పగుళ్లిచ్చిన నేల, మేస్తున్న గేదెలు కనిపించాయి. ఖాళీ స్థలం అని రాసుకున్నాం. దాని మీదుగా అరవై అడుగుల రోడ్డు గీసింది నేనే. ముసాయిదా బయటపెట్టాక మూడు వందలకు పైగా అభ్యంతరాలు వచ్చాయి. అన్నీ ఒకే జిరాక్సు. పేరు, సంతకం మాత్రం మారతాయి. రిజిస్టరులో వాటన్నిటికీ కలిపి ఒకే వరుస రాశాం: ‘మాస్టర్ ప్లాన్ రద్దు చేయాలని కోరారు, ఆమోదయోగ్యం కాదు.’ ఆ మాట నా చేతిరాతే.

చివరి రోజు సాయంత్రం ఒక పెద్దాయన వచ్చాడు. ఒకటే కాగితం. దాని మీద సర్వే నంబరు, కుంట పేరు, తూము ఎక్కడుందో, అలుగు (కుంట నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) పారితే నీళ్లు ఏ కాలువలోంచి ఏ చెరువుకు పోతాయో ఉన్నాయి. కింద పదకొండు సంతకాలు, వేలిముద్రలు. దానికి పిన్ను చేసి ఒక ఫొటో. శ్రావణంలో అలుగు మీద నీళ్లు దూకుతుంటే పిల్లలు నిలబడి తీయించుకున్నది. నేను ‘ఖాళీ స్థలం’ అని రాసిన చోటే అది. మర్నాడు అసిస్టెంటును తీసుకుని మళ్లీ వెళ్లాను. కట్ట మీద నడిచాను. రోడ్డు జరిగింది. ఆ కాగితం రాకపోయి ఉంటే ఆ కుంట ఈపాటికి తారు కింద ఉండేది. దానికి కారణం నేనయ్యేదాన్ని. ఇన్నేళ్లయినా ఆ సంగతి నన్ను వదల్లేదు.

మాస్టారూ, మీకున్న పద్దెనిమిది రోజుల్లో మొదటి నాలుగు నడకకు ఇవ్వండి. ఫ్లెక్సీని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటే లాభం లేదు, అందులో సర్వే నంబర్లు కనిపించవు. పెద్ద స్కేలు మ్యాపును ఆఫీసులో అడిగి చూడండి, కాపీ అడగండి. పక్కన మీ గ్రామ నక్ష పెట్టుకోండి. సర్వే నంబరువారీగా కొలతల పటం కూడా దొరుకుతుంది, తెలంగాణలో అయితే టిప్పన్ అంటారు, ఆంధ్రలో అయితే ఎఫ్ఎంబీ. ఆ రెండూ పట్టుకుని కట్ట మీంచి అలుగు దాకా, అలుగు నుంచి కింది చెరువు దాకా నడవండి. పిల్లల్లో ఎవరికైనా కంప్యూటర్ వస్తే గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు తిరగేయమనండి. వానాకాలం తర్వాత తీసిన చిత్రంలో నీళ్లు కనిపిస్తే అంతకు మించిన సాక్ష్యం లేదు. అలాంటిదే మన ఇస్రో వాళ్ల వెబ్‌సైటు భువన్ కూడా ఉంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటులో మీ కుంట నీలిరంగులో ఉందేమో చూడండి. పాత పహాణీలో (ఊరి భూముల రికార్డులో) ఆ నంబరు ఎదురుగా ఏం రాసి ఉందో నకలు తీయండి.

నడిచేటప్పుడు పట్టాదారులే కాకుండా కౌలుకు చేసేవాళ్లను, గొర్రెలు కాసేవాళ్లను, చెరువు నీళ్లు వదిలే నీరటికాడి ఇంటివాళ్లను వెంటబెట్టుకోండి. ఏ నెలలో నీళ్లు ఏ చెట్టు మొదటి దాకా వస్తాయో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. సంతకాల్లోనూ వాళ్లుండాలి. ముసాయిదా మీద అభ్యంతరం చెప్పడానికి పట్టా ఉండాలని ఎక్కడా లేదు.

ఆ తర్వాత రాయడం. ఒక్కో సమస్యకు ఒక్కో కాగితం. కుంట సంగతి వేరే, ఊదా రంగు సంగతి వేరే, రోడ్డు సంగతి వేరే. మూడూ కలిపి రాస్తే మూడింటికీ కలిపి ఒకే జవాబు వస్తుంది. కాగితంలో ఏ సర్వే నంబరు, ముసాయిదాలో ఏం చూపారు, నేల మీద ఏముంది, దాని బదులు ఏం చూపాలి అన్నవి ఉంటే చాలు. ఆఖరిది చాలామంది వదిలేస్తారు. రోడ్డు వద్దంటే అధికారి చేతిలో ఏమీ పెట్టినట్టు కాదు. ఇప్పటికే ఉన్న బండ్లబాటను వెడల్పు చేసి దాని మీదుగా తీసుకెళ్లొచ్చని పెన్సిలుతో గీసి చూపిస్తే, అతను తన పైఅధికారికి చూపించడానికి ఒక దారి దొరుకుతుంది. పరిశ్రమల జోన్ కూడా అంతే. సాగునీరు లేని చవుడు నేల మీ మున్సిపాలిటీ పరిధిలోనే ఇంకోచోట ఉంటే ఆ నంబర్లు రాయండి. అయితే ఆ నేల యజమానులతో మాట్లాడకుండా మాత్రం రాయకండి. మన పొలం కాపాడుకోవడానికి పక్కూరి బీడు మీదికి తోసేయడం న్యాయం కాదు. ఆ బీడు ఎవరో ఒకరికి మేతే.

స్వయంగా వచ్చి చెప్పుకునే అవకాశం ఇమ్మని చివర్న ఒక వాక్యం రాయండి. ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకున్న కాపీ ఇంటికి తెచ్చుకోండి. ముద్ర లేని కాగితం ఇవ్వని కాగితంతో సమానం. ఇంకో కాపీ స్పీడ్ పోస్టులో టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డైరెక్టర్ కార్యాలయానికి పంపండి. మీ వార్డు కౌన్సిలర్‌కు ఒకటి. ప్లాన్ మీద కౌన్సిల్ ఏమంటుందో రాష్ట్ర ప్రభుత్వం చూస్తుంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులో మొట్టమొదటి అంశం పట్టణ ప్రణాళికే. ఇది మీ కౌన్సిల్ చేయవలసిన పని అని కౌన్సిలర్‌కు గుర్తుచేయడానికి వెనుకాడకండి.

ప్రశ్న: మేడమ్, నేను సిటీలో చెరువు పక్కన అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాను. రాత్రుళ్లు టిప్పర్లు వచ్చి ఇల్లు కూల్చిన మట్టి చెరువులో పోస్తున్నాయి. అడిగితే, ‘అద్దెకుండేవాడికి నీకెందుకు, అది పట్టా భూమి’ అన్నారు. నాకు అడిగే హక్కు ఉందా?

జవాబు: ఉంది బాబూ. తిరుపతిలో ఏం జరిగిందో చెబుతాను. అక్కడి అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్ల నిర్మాణానికి కేటాయిస్తే ఒక పౌర సంఘం కోర్టుకెళ్లింది. వాళ్లకు అందులో గజం భూమి లేదు. 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఇలాంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. అప్పటికే కట్టేసిన ఇళ్లను కూల్చమనలేదు. అవిలాల చెరువులో ఇకపై కట్టడాలు వద్దంది. పేరూరులో కట్టిన ఇళ్ల మీద పడే వాన నీటిని ఒడిసిపట్టాలంది. తెలుగు నేల మీది కేసు ఇది, కానీ మన వాళ్లలో చాలామందికి తెలియదు.

పట్టా సంగతి. చెరువు నిండితే నీళ్లు పరుచుకునే మేరనే ఎఫ్‌టీఎల్ అంటాం. దాని లోపల శిఖం పట్టాలు, అంటే చెరువు నేల మీది పట్టాలు, ఉండొచ్చు, అబద్ధం కాదు. నీళ్లు తగ్గినప్పుడు దున్నుకోవచ్చు. పూడ్చి కట్టడాలు లేపే హక్కు ఆ పట్టాకు లేదు. ఎఫ్‌టీఎల్ దాటాక కూడా బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, ఉంటుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లూ అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు.

రాత్రిపూట టిప్పర్ల ముందుకు ఒంటరిగా వెళ్లొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. మీ బాల్కనీ నుంచి ఒకే చోట నిలబడి రోజూ ఒకే కోణంలో ఫొటో తీయండి, తేదీ పడేలా. పదిహేను రోజుల ఫొటోలు వరసగా పెడితే గట్టు ఎంత ముందుకు జరిగిందో ఎవరికైనా అర్థమవుతుంది. వాటితో తహసీల్దారుకు, నీటిపారుదల శాఖ ఇంజనీరుకు, మున్సిపల్ కమిషనర్‌కు ఒకేరోజు ఫిర్యాదు ఇవ్వండి. ముగ్గురికీ ఇవ్వమన్నది ఎందుకంటే, ఒక్కరికే ఇస్తే ‘మాది కాదు, వాళ్లది’ అని కాగితం తిరుగుతూ ఉంటుంది. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) పేరు ఫిర్యాదులో రాయండి. పని జరగకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఉంది. అక్కడ ఆరు నెలల గడువు లెక్క ఉంటుంది కాబట్టి, చూద్దాం చేద్దాం అని ఏడాది గడపకండి.

ఇంకో సంగతి. చెరువంటే నీళ్లున్న మేర మాత్రమే అనుకుంటే సగం పోగొట్టుకున్నట్టే. 1996లో వచ్చిన జీవో 111 ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. పైనుంచి వచ్చే వాగులు మూసుకుపోతే గండిపేటకు, అదే ఉస్మాన్‌సాగర్‌కు, నీళ్లెక్కడివి? మీ చెరువుకు పైనున్న చెరువు ఏదో, మధ్యలో నాలా ఉందో లేదో తెలుసుకోండి. మన చెరువులు గొలుసుకట్టు. ఒక లంకె తెగితే కిందివన్నీ ఎండుతాయి, వాన గట్టిగా పడితే కాలనీలు మునుగుతాయి.

మీరు చెప్పిన చోట ఇప్పటికే కొందరు ప్లాట్లు కొని ఉంటారు. అప్పు చేసి కొన్న మధ్యతరగతివాళ్లే ఎక్కువ. వాళ్లను శత్రువులుగా చూడకండి. ఎఫ్‌టీఎల్ హద్దు రాళ్లు ముందే నాటి ఉంటే వాళ్లూ మోసపోయేవాళ్లు కాదు. హద్దు రాళ్లు నాటమని అడిగే కాగితం మీద వాళ్ల సంతకాలు కూడా తీసుకోండి, ఇస్తారు.

ప్రశ్న: అమ్మా, నేను గ్రామపంచాయతీ వార్డు మెంబర్ని. మా ఊళ్లో పద్దెనిమిది ఎకరాల బంచరాయి, అంటే పశువులు మేసే ఊరుమ్మడి నేల, ఉంది. రికార్డులో ‘ఖాళీ’ అని చూపి ఏదో ప్రాజెక్టుకు ఇచ్చేస్తారని అంటున్నారు. ఎప్పటికీ ఎవరూ ముట్టుకోకుండా కాపాడుకునే దారి ఉందా?

జవాబు: తల్లీ, ‘ఖాళీ’ అన్న మాటను ముందు చెరపాలి. ఆ నేల మీద ఎవరి పశువులు మేస్తాయి, సీతాఫలాలు ఎవరు ఏరుకుంటారు, చీపురు పుల్లలు ఎవరు కోస్తారు, ఏ పిట్టలు గూళ్లు పెడతాయి, వాన నీళ్లు ఎటు దిగుతాయి... ఇదంతా ఒక పుస్తకంలోకి ఎక్కించండి. ఇది నేను కొత్తగా చెబుతున్నది కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయడం దాని పని. మీ పంచాయతీలో కమిటీ కాగితం మీద ఉండే ఉంటుంది. దాన్ని కూర్చోబెట్టండి. ఊళ్లో ముసలమ్మలను పిలవండి, రిజిస్టరు సగం వాళ్లే నింపుతారు.

ఆ పుస్తకం చేతిలో ఉంటే గ్రామసభ తీర్మానానికి బరువొస్తుంది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామానికి అప్పగించే పథకాలు తయారుచేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తీర్మానంలో ఆ కేసు పేరు రాయండి. నిజంగా అరుదైన జీవజాలం ఉంటే అదే జీవవైవిధ్య చట్టం కింద వారసత్వ స్థలంగా ప్రకటించమని రాష్ట్రాన్ని అడగొచ్చు. హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ గుర్తింపు వచ్చింది. నగర ప్రాంతంలోని నీటి వనరుకు అలాంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. అది వచ్చాక కూడా ఆ చెరువుకు మురుగు, ఆక్రమణల బెడద తప్పలేదు. కాబట్టి ప్రకటన వస్తే పని అయిపోయిందనుకోవద్దు.

మీరు ‘ఎవరూ ముట్టుకోకుండా’ అన్నారు. ఆ మాట దగ్గర నాకు కాస్త భయం వేసింది. మేకలు మేపుకునే ఆడమనిషిని బయటికి పంపి కంచె వేయడం ఆ నేలను కాపాడటం కాదమ్మా. ఇన్నాళ్లూ ఆ నేల మిగిలింది ఆమె వల్లే. ఇళ్లు లేని పేదలకు అందులో స్థలాలివ్వాలన్న మాట వస్తే కూడా వెంటనే కాదనకండి. గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల కోసం ఉన్న స్థలంలో), ఊరి దగ్గర్లో ఇంకే ప్రభుత్వ భూమి ఉందో మీరే వెతికి చూపించండి. పేదవాళ్ల ఇంటికీ పేదవాళ్ల మేతకూ పోటీ పెట్టి పక్కన నిలబడి చూసేవాళ్లను చాలామందిని చూశాను. ఆ తగవు మీ ఊళ్లోకి రానివ్వకండి.

ప్రశ్న: మ్యాపు కాపీ అడిగితే ‘ఇంకా ఫైనల్ కాలేదు, ఇవ్వకూడదు’ అంటున్నారు. నిజమా?

జవాబు: నిజం కాదు. జనం చూసి అభ్యంతరం చెప్పాలనే కదా ముసాయిదా బయటపెట్టింది! సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అయితే మీ అభ్యంతరాల గడువు అంతకు ముందే అయిపోవచ్చు. అందుకే దరఖాస్తులో కాపీతో పాటు రికార్డును స్వయంగా పరిశీలించేందుకు కూడా అనుమతి అడగండి. అది కూడా ఆ చట్టం ఇచ్చిన హక్కే. మ్యాపు ఇవ్వలేదు కాబట్టి గడువు పొడిగించమని అదేరోజు వేరే కాగితం పెట్టండి. దాని మీదా ముద్ర వేయించుకోండి.

ప్రశ్న: గడువు నిన్ననే అయిపోయింది. మాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఇక చేసేదేమీ లేదా?

జవాబు: ఈరోజే రాసి ఇచ్చేయండి. ఆలస్యం ఎందుకైందో మొదటి పేరాలో చెప్పండి. నోటీసు మీ ఊరి పంచాయతీ బోర్డు మీద అంటించలేదంటే ఆ సంగతే ప్రధానంగా రాయండి. ఖాళీ బోర్డు ఫొటో జతచేయండి. ముసాయిదాకు, ప్రభుత్వ ఆమోదానికి మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఆ మధ్యలో ఫైలు కౌన్సిల్‌కు వెళ్తుంది, డైరెక్టరేట్‌కు వెళ్తుంది, సచివాలయానికి వెళ్తుంది. మూడు చోట్లకూ మీ కాగితం వెళ్లాలి. ఈలోపు వానలు మొదలవుతాయి. మొదటిసారి అలుగు పారిన రోజున కట్ట మీదికి వెళ్లి, సర్వే రాయి కనిపించేలా ఫొటో తీసి, ఇచ్చిన కాగితానికి అనుబంధంగా పంపండి.